డెల్ఫ్ట్ బట్టల వర్తకుడి చేతిపని

సూక్ష్మదర్శిని అనగానే పొడవాటి గొట్టం, పీఠం, కింద అద్దం గుర్తుకొస్తాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ (1632–1723) చేసుకున్న పరికరంలో ఇవేవీ ఉండవు. రెండు పలుచని లోహపు రేకులు, వాటి నడుమ సన్నని బెజ్జంలో బిగించిన ఒకే ఒక్క కటకం. మొత్తం అరచేతిలో ఇమిడిపోతుంది.

ఆయన బట్టల వ్యాపారి. తర్వాత పట్టణ కార్యాలయంలో కొలువు. పడుగూ పేకా ఎంత దగ్గరగా పడ్డాయో చూడటానికి ఆనాటి వర్తకులు భూతద్దం వాడేవారు. ఆయన కటకాల వ్యసనానికి బీజం అక్కడే పడి ఉంటుంది.

పరికరాన్ని వెనక్కి తిప్పి చూస్తే అసలు పనితనం తెలుస్తుంది. చూడదలచిన వస్తువును సూది మొనకు అంటించాలి. పొడుగు మర తిప్పితే సూది పైకీ కిందికీ జరుగుతుంది. పొట్టి మర దాన్ని కటకానికి దగ్గరగానో దూరంగానో నెడుతుంది. కటకం ఎంత చిన్నదైతే వస్తువు దానికి అంత దగ్గరగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెదిరిపోతుంది. అంతటి నాజూకు సవరింపును మామూలు మరలతో సాధించాడు. ఉట్రెక్ట్‌ మ్యూజియంలో ఉన్న పరికరం దాదాపు 270 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది.

కటకాల తయారీ రహస్యాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. 2021లో పరిశోధకులు ఆ ఉట్రెక్ట్ పరికరాన్ని విప్పకుండానే న్యూట్రాన్ కిరణాలతో లోపలికి చూశారు. అది గాజును కరిగించి చేసిన పూస. ఆ పద్ధతిని ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1665లోనే అచ్చు వేయించాడు! ఈ సంగతి తెలిశాక నాకు లీవెన్‌హుక్ మీద గౌరవం ఇంకా పెరిగింది. దారి అందరికీ తెలిసిందే. అంత దూరం నడిచింది మాత్రం ఆయనే.

మిరియాలకు ఆ ఘాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని వాటిని నీళ్లలో నానబెట్టాడు. ఘాటు గుట్టు దొరకలేదు. కటకంలోంచి చూస్తే ఆ నీటిలో కదులుతూ కనిపించిన అతి చిన్న ప్రాణుల గురించి 1676లో లండన్ రాయల్ సొసైటీకి తన డచ్చి భాషలోనే ఉత్తరం రాశాడు. వాటిలో బాక్టీరియా కూడా ఉన్నాయని నేటి శాస్త్రజ్ఞుల మాట.

ఆయన ఐదు వందలకు పైగా కటకాలు తయారు చేశాడు. అన్నెందుకంటే, మంచి నమూనా కుదిరితే దాన్ని సూది మీద అలాగే ఉంచేసి, మరో నమూనాకు మరో పరికరం చేసుకునేవాడు. అమ్మకానికైతే ఈ ఓపిక ఎవరికి ఉంటుంది? ఆయన పోయాక 26 వెండి పరికరాలు రాయల్ సొసైటీకి చేరాయి, నమూనాలు అంటించినవి అంటించినట్టే.