పన్నెండు మెట్ల కిన్నెర

పన్నెండు మెట్ల కిన్నెర పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) డక్కలి కళాకారుల వాద్యం. వెదురు బొంగు, దాని కింద ఎండబెట్టి తొలిచిన సొరకాయ బుర్రలు, పైన మెట్లు, వాటి మీదుగా బిగించిన తీగ. మెట్లను తేనె మైనంతో అతికిస్తారు. పూర్వం తీగకు బదులు జంతువుల నరాలు, మెట్లకు అలుగు పొలుసులు వాడేవారట. అలుగును వేటాడటం ఇప్పుడు నేరం, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. 13వ శతాబ్దపు సంగీతరత్నాకర గ్రంథంలోనే కిన్నరీ వీణ ఉంది. వనపర్తి రాజుల ముందు కూడా దీన్ని వాయించారని చెప్పుకుంటారు.

అసలు గొప్పతనమంతా వాయించే తీరులో ఉంది. శ్రుతి ఇచ్చి ఊరుకునే వాద్యం కాదిది. కళాకారుడు ఒక చరణం పాడి ఆపుతాడు. ఒక చేతి వేళ్లు మెట్ల మీద జారుతుంటే, రెండో చెయ్యి తీగ మీటుతూ అదే చరణాన్ని మాటలు లేకుండా పలికిస్తుంది. వినేవాడికి ఆ మాటలు మళ్లీ వినిపించినట్టే ఉంటుంది! నడుమ వచనం, ఆపైన మళ్లీ పాట. వంతవాళ్లు చివరి పదం అందుకుంటారు. ఇలా పాడే కథ ఎంతసేపు నడవాలో ముందే రాసిపెట్టుకోరు. జనం కదలకుండా కూర్చుంటే ఒక్క పోరు ఘట్టమే సాగుతూ పోతుంది, లేవబోతున్నారంటే తీగ వేగం పెరుగుతుంది. ఈ పసిగట్టే నేర్పు ఏ సంగీత కళాశాలా నేర్పలేదు.

ఈ కళకు పెద్ద దిక్కు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య. పెద్దోళ్లను కొట్టి పేదలకు పెట్టిన పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్య గౌడ్, వట్టెం రంగనాయకమ్మ... చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని ఈ పాలమూరు మనుషులను ఆయన గొంతు బతికించింది. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో వినిపించిన ఆ గొంతును రాష్ట్రమంతా గుర్తుపట్టింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో, ఆయన దినకూలీకి వెళ్తున్నారన్న వార్త చూసి సిగ్గుపడని తెలుగువాడు ఉంటాడా?

సన్మానం చేసి శాలువా కప్పితే కళ బతకదు. ఇక నకళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కీబోర్డులో తీగ శబ్దం నొక్కి, దానికి డీజే దరువు తగిలించి కిన్నెర పాట అంటున్నారు. మెట్టు మీద వేలు జారేటప్పుడు పుట్టే ఆ చిన్న మూలుగు అందులో ఎక్కడుంది? ఇది కిన్నెరకు ద్రోహం.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర, మాఘంలో గద్వాల పక్కన జమ్ములమ్మ జాతర జరుగుతాయి. కళ బతకాలంటే, వేలమంది కూడే ఈ చోట్ల డీజే పెట్టెలు ఆపి, ఒక్క రాత్రి పూర్తిగా కిన్నెరకు ఇవ్వాలి. పది నిమిషాల ముక్క కాదు, తెల్లవార్లూ నడిచే కథ కావాలి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లలో ఏడాది పొడవునా నేర్పించే కేంద్రాలు పెట్టి, డక్కలి పెద్దలనే గురువులుగా జీతమిచ్చి కూర్చోబెట్టాలి. పిల్లలకు పాట ఒక్కటే నేర్పితే చాలదు. బుర్ర ఎంచుకోవడం, మైనం కాచడం, మెట్టు తప్పితే చెవితో పోల్చి సరైన చోట మళ్లీ అతికించడం కూడా ఆ గురువుల దగ్గరే నేర్వాలి.