త్రిశంకువు ఎవరు?

మన్నూ భండారీ (1931–2021) రచించిన 'త్రిశంకు' అను హిందీ కథను ఆధునికులమని చెప్పుకొనువారి కపటముపై వ్యంగ్యముగా చదువుట సులభము. మొదట నేనును అట్లే చదివితిని. తెలుగు చేయబూనిన పిదప ఆ అభిప్రాయము నిలువలేదు.

కథ చెప్పునది తనూ అను యౌవనారంభపు బాలిక. ఆమె తల్లి తన తండ్రి నెదిరించి ప్రేమవివాహము చేసికొన్నది. ఆ ఇంట అది వీరగాథ. ఎదురింట చేరిన విద్యార్థులు కూతురిపై వ్యాఖ్యలు విసరగా, ఆ తల్లి కోపింపక వారినే తేనీటికి పిలిచినది. వారిలో శేఖర్ అను యువకునితో తనూకు చెలిమి ముదిరినంతనే ఆమెలో మరియొకరు మేల్కొనిరి. ఒకనాడు మందలించును, మరునాడు తానే కరగిపోవును. తల్లిలో తన తాత వచ్చిపోవుచున్నాడని కూతురు కనిపెట్టినది. ఒకే రూపమున నిలుచు పెద్దవాని నెదిరింపవచ్చును. ఈ తల్లి నెట్లు ఎదిరించుట?

ఇచ్చట అనువాదమునకొక చిక్కు కలదు. హిందీలో 'నానా' యనగా తల్లికి తండ్రి. తెలుగు చెవికది 'నాన్న'గా వినబడును. 'తాత' యన్నచో ఏ వైపు తాతయో తెలియదు. 'మాతామహుడు' అను మాట ఏ బాలిక నోటను రాదు. తుదకు 'అమ్మ వాళ్ళ నాన్న' అని వ్రాసి చూచితిని. కథ అప్పుడు తెరచుకొన్నది. ఈ తల్లియు ఒకరి కూతురే. ఆమె పోరు తనూతో కాదు, ఏండ్ల క్రిందట విడిచివచ్చిన తండ్రితో. అది ముగియలేదు.

రచయిత్రి ఆత్మకథ 'ఏక్ కహానీ యహ్ భీ' (2007) ఈ ఊహకు బలమిచ్చును. అజ్మీరులో ఆమె తండ్రి, ఇంట జరుగు రాజకీయ చర్చలలో కూతురు కూర్చుండవలెనని కోరెను. 1946–47లో ఆమె బాలురతో కలిసి వీథులలో నినాదములు పలుకుట మాత్రము సహింపలేకపోయెను. కళాశాల నుండి లేఖ రాగా మండిపడి వెళ్ళిన ఆయనయే గర్వముతో తిరిగివచ్చెను. ఆ ముఖమును కూతురు మరువలేదు.

కావున శీర్షికలోని త్రిశంకువు తల్లి యొక్కతెయే యనుట నాకు సమ్మతము కాదు. పురాణమున పైకి పంపినవాడు విశ్వామిత్రుడు, క్రిందికి త్రోసినవాడు ఇంద్రుడు. ఇచ్చట ఆ ఇద్దరును తల్లియే. నడుమ వ్రేలాడునది కూతురు. అయినను తనూ తల్లిని పరిహసించునే గాని ఎచ్చటను ద్వేషింపదు. ఆ పరిహాసమున చనువు కలదు. తల్లి తడబాటును ఆమె దాచదు, క్షమించితినని చాటుకొనదు.

నా చిత్తుప్రతిలో ఇదియే లోపించినది. ఉద్యోగపు తొందరలో సాయంకాలములు మాత్రమే నాకు దక్కిన నా కుమార్తె దానిని చదివి, "అమ్మా, ఆ పిల్లకి నీమీదున్నంత కోపం లేదు. నీ తెలుగుకే కోపమెక్కువ" అన్నది. నీమీద అనుట పొరపాటో కాదో నేనడుగలేదు. ఆ పుటలు మరల వ్రాసితిని.