నరసాపురపు లేసు - పసిబిడ్డ దుప్పటి

క్రోషే లేసు అల్లికను మనవారు "తీరిక పని" యని తేలికగా పలుకుచుందురు. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన యిండ్లలోను ఈ మాట వినబడుచున్నది. అది యెంత నిజమో విచారింపవలసియున్నది.

19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన యీ విద్యకు నరసాపురము కేంద్రమైనది. సాధనములు రెండే: కొక్కెము గల సూది, నూలుదారము.

పసిబిడ్డ దుప్పటినే తీసికొందము. దాని సొంపు కన్నములలో నున్నది. దోషమును వానియందే వెదకవలెను. కన్నము పెద్దదైనచో బిడ్డ వ్రేలు చిక్కుకొనును. అల్లిక మిక్కిలి బిగిసినచో మెత్తదన ముండదు. బిగువు మారినచో అంచు ముడుచుకొనును. నరసాపురపు పనిలో ఒకరు పువ్వులను విడివిడిగా నల్లగా, వేరొకరు వానిని కలుపుదురు. దీనిని అతుకుపని యందురు. అతుకు కంటికి తెలియనిచో పని మేలైనది. ఇంతటి నేర్పును తీరికయని యెట్లనగలము?

నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథము, వారి శ్రమ ప్రపంచ విపణికి పోవుచున్నను వారిని గృహిణులుగనే యెంచి స్వల్పమగు కూలి నిచ్చిరని చూపినది. తీరికయను పేరే కూలిని తగ్గించినది.

కావున సోదరీసోదరులారా! లేసు కొనునపుడు అందమును మెచ్చుడు. అల్లిన చేతికి ముట్టిన దెంతయో కూడ నడుగుడు. మెప్పు కూలికి బదులు కాజాలదు.