పొణికి కర్రలో పుట్టిన కవచం

పురాణ కథలు ఆడిపాడే చిందు భాగవతుల మేళం ఊళ్ళో దిగిందంటే, ఆట మొదలుకాక ముందే పోయి వేషాలు కట్టే చోట ఓ మూల కూర్చోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ముఖాన అర్దళం పూసుకున్న వేషగాడు వీపు తిప్పి నిలబడతాడు. వెనకున్న కుర్రాడు భుజకీర్తుల తాళ్ళను చంకల కిందుగా తెచ్చి, వీపు మీద పెనవేసి ముడేస్తాడు. "ఇంకింత గుంజు బిడ్డా, ఎగిరితే ఊడొద్దు" అంటాడు పెద్దాయన. ముడి బిగిశాక భుజాలు రెండూ ఒక్కసారి విదిలించి చూసుకుంటాడు. భుజకీర్తి కదలదు, దాని మీది అద్దం బిళ్ళలు మాత్రం తళతళా మెరుస్తాయి. అప్పటిదాకా బీడీ కాలుస్తూ వానల సంగతి మాట్లాడిన మనిషి దుర్యోధనుడై లేస్తాడు.

అలాంటి భుజకీర్తిని ఓసారి అడిగి చేతిలోకి తీసుకున్నాను. ఆట స్థలం అంచు నుంచి చూస్తే బంగారంలా, ఇనుములా గంభీరంగా కనిపించిన ఆ వస్తువు ఎండు కొబ్బరి చిప్ప కన్నా బరువు లేదు! అంతా పొణికి కర్ర. నిర్మల్ బొమ్మలకూ, కొండపల్లి బొమ్మలకూ ప్రాణం పోసేది ఆ కర్రే. గోరుతో నొక్కితే గీత పడేంత మెత్తన. ఉలి దానిలోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. ఈ నగలు ఎన్నాళ్ళ నాటివని అడిగితే పెద్దలు జాంబవంతుడి కాలం నాటివంటారు. నాకు ఆ జవాబు చాలు.

పని మాత్రం నిదానంగా చెప్పుకోవలసిందే. పొణికిలో తడి మిగిలితే తరవాత పగులుతుంది, పురుగు పడుతుంది. అందుకే ముందు బాగా ఆరబెడతారు. కొండపల్లిలో అయితే సన్న సెగ మీద కాచి మరీ తేమ లాగేస్తారు. బాడిశెతో పైపైన ఆకారం తీసి, చిన్న ఉలితో లతలూ మొగ్గలూ చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. అతుకు పెట్టాలంటే చింతగింజల పిండి ఉడికించిన బంకలో రంపపు పొట్టు కలుపుతారు. బొమ్మల పనివాళ్ళు దాన్ని మక్కు అంటారు. అది ఆరాక అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఆపైన తెల్లపూత, రంగు, మిట్టల మీద మెరిసే బేగడ రేకు, నడుమ నడుమ అద్దాలు. మంచి పనివాడు అద్దం బిళ్ళలన్నిటినీ ఒకే మట్టాన అతికించడు. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త పక్కకి వాలుతుంది. పెట్రోమాక్స్ దీపం ఎటు పెట్టినా, వేషగాడు ఎటు తిరిగినా, ఏదో ఒక బిళ్ళ ఆ వెలుగును పట్టి జనం కళ్ళలోకి విసురుతుంది. చెక్కిన గాడుల్లో చీకటి, మిట్టల మీద వెలుగు. పెద్ద లోహమేదో అక్కడ ఉందని కన్ను నమ్మేది ఆ రెంటి వల్లే.

దీన్ని 'ఉత్త చెక్క' అని తేలిగ్గా తీసేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చిందు అంటేనే గెంతు. తెల్లవార్లూ గెంతుతూ, పాడుతూ, మధ్యలో వచనం చెప్పాల్సిన మనిషికి నిజం కవచం తొడిగితే ఏమవుతుంది? యూరప్ యోధుల నిలువెత్తు ఉక్కు కవచం 15 నుంచి 25 కిలోలు తూగేది. అది కత్తివేటు ఆపడానికి చేసిన వస్తువు. మన భుజకీర్తి చేసింది దూరాన చాప మీద కూర్చున్న ముసలమ్మకు మనిషిని రాజుగా చూపించడానికి. చేసే పనే వేరైనప్పుడు ఇనుముతో పోలికెందుకు?

ఈ సంగతి యూరప్ వాళ్ళకూ తెలుసు. అక్కడ లార్ప్ అని ఒక ఆట ఉంది. వేలమంది పాత్రలు ధరించి మైదానాల్లో ఉత్తుత్తి యుద్ధాలు చేస్తారు. జర్మనీలో జరిగే డ్రాకెన్‌ఫెస్ట్ అలాంటిదే. ఉక్కు తొడుక్కునేవాళ్ళూ ఉన్నారు గానీ, చాలామంది కవచం ఫోమ్ షీటే, మన చెప్పుల అడుగులకు వాడే జాతిది. వేడిగాలి మిషనుతో దాన్ని కాచి, మోకాలి మీద వంచి, చల్లారేదాకా పట్టుకుంటారు. ఆ వేడికి పైనున్న సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, ఫోమ్ రంగు తాగదు. ముందు నల్లరంగు, అది ఆరాక దాదాపు ఎండిన కుంచెతో అంచుల మీద మాత్రం వెండిరంగు. మళ్ళీ అదే గాడి చీకటి, అదే మిట్ట వెలుగు! 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలకు గొలుసు కవచాలు కావలసివస్తే న్యూజిలాండ్ పనివాళ్ళు ప్లాస్టిక్ గొట్టాలు కోసి, కోటికి పైగా రింగులు చేత్తో అల్లారు. అల్లిన వాళ్ళ వేలిముద్రలు అరిగిపోయాయని చెప్పుకుంటారు. చేతులెత్తి మొక్కాల్సిన పని అది.

అయితే కవచంలో సగమే పనివాడిది, మిగతా సగం వేషగాడి భుజాలది. 'మాయాబజార్' (1957) లో ఎస్వీ రంగారావు గద పట్టిన తీరు చూడండి. గద లేచే ముందు మోచెయ్యి ఓ క్షణం ఆగుతుంది, భుజం కిందికి దిగుతుంది. అది దేనితో చేశారో మనకు పట్టదు, ఆయన దానికి మణుగుల బరువు ఇచ్చేశాడు. చిందు మేళాల్లో చిందుల ఎల్లమ్మ మగవేషం కట్టినా, పద్మశ్రీ గడ్డం సమ్మయ్య రాజు వేషంలో అడుగు వేసినా అదే విద్య. చెక్క తేలిక, నడక బరువు. కూచిపూడి వాళ్ళవి బూరుగు చెక్క నగలు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడను భుజం మీదుగా ముందుకు వేసుకున్న తీరుకు దేశమే దాసోహమంది. కూచిపూడి మీద నాకు గౌరవమే. కానీ మట్టి నేల మీద, చుట్టూ జనంలో ఆడి మెప్పించిన చిందు కిరీటానికే నా ఓటు. ఎవరేమనుకున్నా సరే.

ఇప్పుడు బజార్లో దొరుకుతున్నవేమిటి? అచ్చులో పోసిన పల్చటి ప్లాస్టిక్ కిరీటాలు. గాడీ ఉండదు, మిట్టా ఉండదు, అంతటా ఒకటే పసుపు మెరుపు. లైటు పడితే ముఖం కన్నా కిరీటమే ఎక్కువ మెరిసి కళ్ళు బైర్లు కమ్ముతాయి. నాలుగేళ్ళ కిందట ఓ పట్టణంలో ఉత్సవానికి పిలిచిన మేళం చేత, పాత నగలు 'వెలిసిపోయాయని' తీయించి, అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ సరుకు తొడిగించారు నిర్వాహకులు. రెండో గెంతుకే భుజకీర్తి విరిగి వేలాడింది. జనం నవ్వారు. అరవై ఏళ్ళ ఆ కళాకారుడు పద్యం ఆపకుండా, విరిగిన ముక్కను చేత్తో అదిమి పట్టుకుని ఆడాడు. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఫోమ్ మీద నాకు కోపం లేదు. కామిక్స్ పాత్రల వేషాలు కట్టి హైదరాబాద్ కామిక్ కాన్ ఉత్సవానికి వచ్చే పిల్లలు రాత్రులు మేలుకుని, వేళ్ళు కాల్చుకుని కవచాలు చేసుకుంటారు. వాళ్ళు నా వాళ్ళే. నాకు పడనిది అచ్చు సరుకు. వేసుకునే మనిషి భుజం వెడల్పు కూడా చూడకుండా తయారయ్యేది కవచం కాదు.

పొణికి చెట్టు కరువైందని నిర్మల్‌లో అంటారు, కొండపల్లిలోనూ అంటారు. బొమ్మల వాళ్ళకే చాలని కర్ర చిందు మేళాలకు ఎక్కడిది? అడవి శాఖ నాటే మొక్కల్లో పొణికికి చోటివ్వాలి. మేళాన్ని పిలిచేవాళ్ళు ఆట డబ్బుతో పాటు నగల మరమ్మతుకూ నాలుగు రూకలు కలపాలి, కరపత్రంలో వేషగాడి పేరు కింద భుజకీర్తి చెక్కిన వాడి పేరూ వేయాలి. ఆ ఫోమ్ కవచాల పిల్లలకు ఇంకొక్క మాట. మీ ఊరి దగ్గర ఈ ఎండాకాలం చిందు ఆట ఉంటే ఓ గంట ముందే వెళ్ళండి. వేషాలు కట్టే చోట ఓ మూల కూర్చోండి. తాడు పట్టుకోమంటే పట్టుకోండి.