బండి ఆయిల్ తాగుతోందా? పానా కాసేపు పక్కన పెట్టండి

లింబాయత్‌లో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచాల పనికి వచ్చి సూరత్‌లో నిలదొక్కుకున్న కుటుంబాల్లో ఇప్పుడు మనవలు పెద్దవాళ్లయ్యారు. సూరత్ మున్సిపల్ బడుల్లో తెలుగు మీడియం ఉందంటేనే అక్కడ మనవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. ఆ ఇళ్ల ముందుకొచ్చే మొదటి కారు చాలాసార్లు పాత కారే. వేగనార్, ఆల్టో, లేదంటే మనుషులకూ సరుకుకూ పనికొచ్చే ఈకో. వారమంతా ఉధనా, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడుస్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కు బెర్తు దొరక్కపోతే అదే బండి వ్యారా, నవాపూర్, ధూలే మీదుగా ఊరికి బయల్దేరుతుంది. తిరిగొచ్చాక మెకానిక్ దగ్గర మొదటి మాట: "ఆయిల్ తాగుతున్నదన్నా."

ఆ మాట వినగానే ఒక రకం మెకానిక్ "హాఫ్ ఇంజన్ పని పడ్తది" అనేస్తాడు, అంటే ఇంజన్ విప్పి రింగులు మార్చాలని. ఇంకో రకం మెకానిక్ ఎదురు ప్రశ్న వేస్తాడు. "ఎంత తాగుతున్నదో రాసుకున్నవా తమ్మీ?"

ఈ వ్యాసం ఆ రెండో రకం వాళ్ల గురించి. అంబాసిడర్, ఫియట్ల కాలంలో రింగులు, బోరు పని మామూలు విషయం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఆ చేతులకు కొత్త కొలతలు నేర్పింది. గురువు పక్కన కూర్చుని పానాలు అందిస్తూ నేర్చుకునే ఈ విద్యకు పుస్తకం లేదు, పట్టా లేదు. అయినా దానికొక క్రమం ఉంది. ముందు కొలవాలి, తర్వాత చూడాలి, చివరికే విప్పాలి. దాని విలువంతా ఆ క్రమంలో ఉందని నా అభిప్రాయం. క్రమం తప్పిన చోట అదే విద్య జేబుకు చిల్లు పెడుతుంది.

అసలు ఏ ఇంజనైనా కొంత ఆయిల్ తాగుతుంది. మారుతి 800లో ఒక్కో సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఆ సిలిండర్‌లో పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ పోతుంది. గోడకు ఆయిల్ పొర లేకపోతే ఇనుము ఇనుమును తినేస్తుంది. పిస్టన్‌కు పైన ఉండే రెండు రింగులు మంట ఒత్తిడిని ఆపుతాయి. మూడోది ఆయిల్ రింగు. గోడ మీది ఎక్కువ ఆయిల్‌ను గీకి, తన వెనకున్న సన్నటి రంధ్రాల గుండా కిందికి పంపడం దాని పని. అది ఎంత బాగా గీకినా పలుచటి పొర మిగులుతుంది, కాలుతుంది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా పోవడం మామూలేనని రాసిన కంపెనీ మాన్యువళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి తాగుతోందా అనే ప్రశ్నకు అర్థం లేదు, ఎంత తాగుతోంది అన్నదే అసలు లెక్క.

లెక్క తీయడం తేలిక. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట, గేజ్ కడ్డీ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. పై గీత దాకా ఆయిల్ పోసి కిలోమీటర్ల మీటరు అంకె రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లయ్యాక అదే చోట, అదే వేళకు చూసి, మళ్లీ పై గీత చేరడానికి ఎంత పట్టిందో కొలవాలి. వీధి చివర వాలు మీద నిలిపి చూసిన కొలత కొలత కాదు. పెద్ద కంపెనీలు చేసేదీ ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. 2007 మోడల్ నుంచి వచ్చిన కొన్ని టయోటా కామ్రీల ఇంజన్లు ఆయిల్ తాగుతున్నాయని అమెరికాలో గోల లేచింది. అప్పుడు డీలర్లు ఆయిల్ నింపి, బండిని 1,200 మైళ్లు, అంటే సుమారు 1,900 కిలోమీటర్లు తిప్పి తెమ్మన్నారు. ఒక క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ, అంతకు మించి తగ్గిన బళ్లకు పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చారు. అక్కడా తీర్పు చెప్పింది గేజ్ కడ్డీయే.

తర్వాతి మెట్టు, ఆయిల్ బయటికి కారుతోందా లోపల కాలుతోందా తేల్చడం. దీనికి సూరత్‌లో కరువులేని వస్తువు ఒకటి చాలు, చిందీ గుడ్డ. ఇంజన్ కింద రాత్రంతా తెల్ల గుడ్డ పరిచి ఉంచితే పొద్దున మరక ఎక్కడుందో చూసి కారణం చెబుతారు. ముందు పక్కనైతే క్రాంక్ సీలు, నడుమనైతే చాంబర్ (కింది ఆయిల్ తొట్టి) ప్యాకింగో ఫిల్టరో, గేర్‌బాక్సు కలిసే చోటైతే వెనక సీలు. టాపెట్ కవర్ ప్యాకింగు నుంచి కారే ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడి నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. అక్కడ గుడ్డ ఏమీ చెప్పదు, కమురు వాసనే చెప్పాలి. వీటిలో చాలావరకు చిన్న ఖర్చుతో పోయేవి. ఇది చూడకుండా ఇంజన్ విప్పడం అన్యాయం.

మరక లేకపోతే పొగ వైపు చూడాలి. నల్ల పొగ ఇంధనం ఎక్కువై వచ్చేది, ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోయేది ఉట్టి నీటి ఆవిరి. ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగును అనుమానించాలి. ఆయిల్ పొగ నీలంగా ఉంటుంది, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. అనుభవమున్న మెకానిక్ దాని రంగుతో ఆగడు, అది ఎప్పుడు వస్తోందో అడుగుతాడు. రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు. ఫ్లైఓవర్ దిగుతూ కాలు తీసేసి, కింద మళ్లీ యాక్సిలరేటర్ నొక్కగానే అద్దంలో నీలం మబ్బు కనిపిస్తే అవీ సీళ్లే. కాలు తీసినప్పుడు ఇంజన్ గట్టిగా గాలి పీలుస్తుంది, ఎండిపోయిన సీలు పక్కనుంచి ఆయిల్‌నూ పీలుస్తుంది. ఊరికి పోయే దారిలో కొండాయిబారి ఘాట్ దిగేటప్పుడు ఈ పరీక్ష దానంతటదే జరుగుతుంది, వెనక వచ్చే లారీవాడు హారన్ కొట్టి మరీ ఫలితం చెబుతాడు. అలా కాకుండా బరువు లాగేటప్పుడు, వేగం పెంచేకొద్దీ పొగ పెరుగుతుంటే రింగుల వైపు చూడాలి.

రింగులకు ఇంకో పాత పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెడతారు. మూత కాస్త కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడితే 'బ్యాక్ కంప్రెషన్' ఉందంటారు, అంటే మంట ఒత్తిడి రింగులు దాటి కిందికి దిగుతోందని. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చాంబర్‌లో చేరే ఆవిరిని బయటికి పంపే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగురుతుంది, ఆయిల్ కూడా పోతుంది. ఆ వాల్వ్ తీసి చెవి దగ్గర ఆడిస్తే టకటకమనాలి. చప్పుడు లేకపోతే కడగాలి, లేదా మార్చాలి. కొన్ని వందల రూపాయల ఈ ముక్కను చూడకుండా వేల రూపాయల పనికి దిగిన షెడ్లు లేకపోలేదు.

ఇంతదాకా వచ్చాక కంప్రెషన్ గేజ్ బయటికి తీస్తారు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్ ఒత్తిడి రాసుకుంటారు. తక్కువ చూపిన దాంట్లో ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే ఆయిల్ రింగుల సందు మూసిందన్న మాట, రింగులు అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వుల్లో ఉంది. ఒక చెంచా ఆయిల్‌తో తేలే ఈ విషయం స్కానర్ తెర మీద కనిపించదు. ఒక్క మెలిక ఉంది. ఒత్తిడి ఆపే పై రింగులు బాగానే ఉండి, ఆయిల్ రింగు ఒక్కటే మసి పట్టి బిగుసుకుపోతే గేజ్ మంచి అంకెలే చూపిస్తుంది, బండి మాత్రం తాగుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేసిన బళ్లలో ఇది తరచూ జరిగేదే. సీఎన్‌జీ బళ్ల వాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గ్యాస్ మీద నడిచే ఇంజన్‌లో ఆయిల్ తొందరగా నల్లబడదు. "ఇంకా తెల్లగనే ఉన్నది కదా" అని మరో ఐదు వేల కిలోమీటర్లు లాగిస్తారు. రంగు మారకపోయినా దాని సత్తా తగ్గిపోతూనే ఉంటుంది.

లోపం సీళ్లలో ఉందని తేలితే హెడ్ విప్పకుండానే మార్చే పద్ధతి ఒకటుంది. నాకు ఈ విద్యలో అన్నిటికంటే ముచ్చట గొలిపేది అదే. ఆ సిలిండర్‌లో రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్ట్రోకు పట్టుకుని, పిస్టన్‌ను కొంత కిందికి దించుతారు. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడును మూరల కొద్దీ లోపలికి తోసి కొస బయటే ఉంచుతారు. పీచు రాలే తాడు పనికిరాదు, రాలిన ముక్క లోపలే ఉండిపోతుంది. తర్వాత క్రాంకును పానాతో నెమ్మదిగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి ఆ తాడు చుట్టను వాల్వుల కింద అదిమి పెడుతుంది. ఇప్పుడు పైనుంచి స్ప్రింగును నొక్కి, లాకులు అయస్కాంతంతో ఏరి, స్ప్రింగు తీసినా వాల్వు జారి సిలిండర్‌లో పడదు. కింద బొటనవేలి గోరంత రబ్బరు టోపీ కనిపిస్తుంది. కొత్తది గోటితో నొక్కితే లొంగుతుంది. పాతది వేడికి గట్టిపడి, నొక్కితే పెంకులా విరుగుతుంది. దాన్ని లాగేసి, కొత్తదానికి ఆయిల్ రాసి కూర్చోబెట్టి, స్ప్రింగూ లాకులూ ఎక్కించి, క్రాంకును వెనక్కి తిప్పి తాడు లాగేస్తారు. మళ్లీ తర్వాతి సిలిండర్. హెడ్ ప్యాకింగు చెడదు, లేత్ షాపుకు పోయే పని లేదు.

రింగులే పోతే దారి లేదు, విప్పాల్సిందే. అప్పుడు పనితనం రెండు చోట్ల తెలుస్తుంది. కొత్త రింగును పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతోనే కిందికి నెట్టి సమంగా కూర్చోబెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఎక్కువుంటే సిలిండర్ అరిగింది, ఉట్టి రింగులు మారిస్తే లాభం లేదు. 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజుకు బోరు చేయించాలి. ఇక రెండోది, హోనింగు. నున్నబడిన గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి ఏటవాలు గీతలు పడాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే, కొత్త రింగులు ఒదిగేదీ వాటి మీదే. ఈ రెండూ చేయకుండా "రింగులు మార్చినం" అని బిల్లిచ్చిన బండి కొన్ని నెలలకే మళ్లీ నీలం పొగతో వస్తుంది. పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను గట్టిగా లాగించకుండా నడపడం బండివాడి వంతు.

ఈ విద్యకు చెడ్డ సగం కూడా ఉంది. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోసి, పైన చిక్కబరిచే మందు డబ్బా కలిపితే పొగ కొంతకాలం అణుగుతుంది. అమ్మేవాడికి ఆ కొంతకాలమే కావాలి. మీరు బండి చూడ్డానికి వెళ్లేసరికి ఇంజన్ వేడిగా, కడిగి మెరుస్తూ ఉంటే, "ఇప్పుడే ఒక రౌండ్ వేసొచ్చినం భాయ్" అంటే, నమ్మకండి. మర్నాడు పొద్దున వస్తానని చెప్పి, బానెట్ మీద చేయి పెట్టి చల్లగా ఉందని చూసుకుని, మీరే స్టార్ట్ చేయండి, వెనక ఒకరిని నిలబెట్టండి. ఒక గ్రేడు చిక్కటి ఆయిల్‌ను, మాన్యువల్ ఒప్పుకుంటే, పాత బండికి వాడుకోవడంలో తప్పులేదు. దాన్ని దాచి బండిని అంటగట్టడం మోసం.

చివరికి డబ్బు సంగతి. నెలకు 800 కిలోమీటర్లు తిరిగే బండి వెయ్యికి లీటరు తాగుతుందనుకుందాం. లీటరు 400 రూపాయలనుకుంటే నెలకు 320, ఏడాదికి 3,840. హాఫ్ ఇంజన్‌కు 25,000 అవుతుందనుకుంటే అది సుమారు ఆరున్నరేళ్ల ఆయిల్ ఖర్చు. పదేళ్లు దాటిన బండికి, ఇంకో మూడేళ్లలో మార్చేద్దామనుకునే ఇంటికి, పోసుకుంటూ నడపడమే సరైన వైద్యం కావచ్చు. నిజాయితీ గల మెకానిక్ ఈ మాట తన నోటితోనే చెబుతాడు, తన పని పోయినా సరే. అయితే దీనికి హద్దుంది. కాలిన ఆయిల్‌లోని భాస్వరం సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లగా చంపేస్తుంది. ప్లగ్గులు తరచూ మసిబారతాయి. లింబాయత్ సందుల్లో ఇళ్ల గుమ్మాలు రోడ్డు మీదే ఉంటాయి, మీ పొగ పీల్చేది ఎదురింటి పిల్లలు. ఐదు వందల కిలోమీటర్లకే లీటరు అడిగే బండికి, కంటికి కనబడేలా పొగ కక్కే బండికి లెక్కలు చెప్పడం ఆపి పని చేయించాలి.

ఆయిల్ తాగడం వల్ల ఇంజన్ ఒక్కరోజులో చావదు. తాగుతున్న సంగతి చూసుకోకపోవడం వల్ల చస్తుంది. చాలా కార్లలో డాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ దీపం చూపేది మట్టాన్ని కాదు, ఒత్తిడిని. అది వెలిగేసరికి బేరింగులు ఎండిపోతూ ఉంటాయి. చిన్న కార్ల చాంబర్‌లో పట్టేదే మూడు లీటర్లు, అటూ ఇటూగా. అందులో రెండు లీటర్లు దారిలోనే కాలిపోతే మిగిలేది ఎంతో చెప్పక్కర్లేదు. ఈ ఎండాకాలం ఊరికి బండి మీద పోయేవాళ్లు బయల్దేరే ముందు పై గీత దాకా పోసుకోండి, అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డిక్కీలో పెట్టుకోండి, ధూలేలో టీ తాగడానికి ఆగినప్పుడు పది నిమిషాలయ్యాక గేజ్ కడ్డీ తీసి చూడండి.