ఆటకు గంట కొట్టేదెవరు?

మలేసియాలో 2025 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం 2026 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంతకు కొద్ది వారాల ముందు, 16 ఏళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదన్న నిర్ణయాన్ని ఆ దేశపు సమాచార శాఖ మంత్రి ఫహ్మీ ఫద్జిల్ ప్రకటించారు. వయసు నిర్ధారణకు మైకాడ్, పాస్‌పోర్టు వంటి ప్రభుత్వ పత్రాలే ఆధారమన్నారు. ఈ ఏర్పాటు వీడియో ఆటల కాలపరిమితి కోసం ఉద్దేశించినది కాదు. కాని ప్రతి ఖాతా వెనుక ఎవరున్నారో, వారి వయసెంతో చెప్పే యంత్రాంగం ఒకసారి సిద్ధమైతే, ఆటల గంటలను లెక్కించడానికి మరొక ఉత్తర్వు చాలు. కౌలాలంపూర్‌లోనో పెనాంగ్‌లోనో పిల్లలను పెంచుతున్న తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. అందుచేత ఆసియా దేశాలు ఇప్పటికే విధించిన కాలపరిమితులు ఏమి సాధించాయో, వాటికి ఏ మూల్యం చెల్లించాయో పరిశీలించడం అవసరం.

దక్షిణ కొరియా 2011 నవంబరులో, 16 ఏళ్లలోపు వారు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడడాన్ని నిషేధించింది. జనం దానికి 'సిండరెల్లా చట్టం' అని పేరు పెట్టారు. రాజ్యాంగ న్యాయస్థానం 2014లో దానిని సమర్థించింది. అయినా పిల్లలు పెద్దల గుర్తింపు సంఖ్యలతో లోపలికి వెళ్లారు. చట్టం పరిధిలోకి రాని మొబైల్ ఆటలకు మరలారు. చివరకు ప్రభుత్వమే ఆ చట్టాన్ని ఎత్తివేసింది. 2022 ఆరంభంతో అది ముగిసింది. చైనా 2019లో మైనర్లకు మామూలు రోజులలో 90 నిమిషాల పరిమితి పెట్టి, 2021లో దానిని శుక్ర, శని, ఆదివారాలలోనూ సెలవు దినాలలోనూ రాత్రి 8 నుంచి 9 వరకు ఒక్క గంటకు కుదించింది. వియత్నాం 2024 డిసెంబరులో 18 ఏళ్లలోపు వారికి ఒక్కొక్క ఆటకు 60 నిమిషాలు, రోజు మొత్తానికి 180 నిమిషాలు నిర్ణయించింది.

వీటి ఫలితమేమిటి? చైనా 2019 నిబంధనకు ముందు, తరువాత నమోదైన సుమారు 700 కోట్ల గంటల ఆటను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో వెలువడింది. అతిగా ఆడడం తగ్గినట్లు దానిలో ఆధారం కనబడలేదు. ఆ అధ్యయనానికి పరిమితులున్నాయి: 2021 నాటి కఠినతర నిబంధన గురించి అది ఏమీ చెప్పదు, దాని దత్తాంశం ఆటరంగంలో ఒక భాగానిది మాత్రమే. అయినా, చట్టం పెట్టగానే అలవాటు మారుతుందన్న నమ్మకాన్ని ప్రశ్నించడానికి అది చాలు.

వైద్యుడిగా నాకున్న అభ్యంతరం ఇంకా మౌలికమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 రోగవర్గీకరణ 'గేమింగ్ డిజార్డర్'ను ఒక రుగ్మతగా గుర్తించింది. దాని లక్షణాలు మూడు: ఆటపై అదుపు కోల్పోవడం, ఇతర వ్యాపకాలన్నిటికంటె ఆటకు ప్రాధాన్యం పెరగడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం. జీవితం గణనీయంగా దెబ్బతినాలి. ఈ స్థితి సాధారణంగా 12 నెలలు ఉండాలి. ఈ నిర్వచనంలో రోజుకు ఇన్ని గంటలన్న లెక్క లేదు. అది పొరపాటున జారిపోయినది కాదు. రోజుకు మూడు గంటలు ఆడే ఇద్దరు పిల్లలను ఊహించండి. ఒకడు చదువుకుంటాడు, నిద్రపోతాడు, స్నేహితులతో తిరుగుతాడు. రెండవవాడు బడి మానేశాడు, అన్నానికి పిలిచినా లేవడు. గడియారానికి ఇద్దరూ ఒకటే. రెండవవాడి విషయంలో ఆట వెనుక కుంగుబాటు ఉన్నదా, ఏకాగ్రత లోపమున్నదా, బడిలో వేధింపులున్నాయా అని అడగకుండా ఆటను ఆపడం, కారణం వెతకకుండా జ్వరానికి మాత్ర వేయడం వంటిది.

కాలపరిమితిని సమర్థించేవారి వాదంలో బలమైన అంశం ఒకటి ఉన్నది. నిద్రలేమి పిల్లలకు నిజమైన హాని. ఆటను విడవనీయకుండా రూపొందించడానికి నిపుణుల బృందాలు పనిచేస్తున్నప్పుడు, ఉద్యోగం ముగించుకొని అలసి ఇంటికి వచ్చిన తల్లి ఒక్కతే వారితో పోరాడలేదు. ఇది కాదనలేము. ప్రభుత్వం జోక్యం చేసుకోవాలి. కాని ఎవరి చేయి పట్టుకోవాలన్నదే ప్రశ్న.

పిల్లవాడి గంటను కొలవాలంటే ముందు ఆడేవారందరూ ఎవరో తెలియాలి. చైనాలో టెన్సెంట్ సంస్థ 2021లో రాత్రివేళ ముఖాలను గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టింది. తాను పిల్లవాడిని కానని నిరూపించుకోవలసిన భారం పెద్దవారి మీద పడింది. తమిళనాడు 2025లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలకు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేసి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు పెద్దలకు సైతం నిషేధించింది. మద్రాసు హైకోర్టు దానిని సమర్థించింది. జూదం విషయంలో ఆ కాఠిన్యాన్ని అర్థం చేసుకోవచ్చు. సాధనం మాత్రం చేతిలోనే ఉండిపోతుంది. మలేసియా స్వానుభవమే చూడండి: 2017 సెప్టెంబరులో దేవతలు పోట్లాడుకునే 'ఫైట్ ఆఫ్ గాడ్స్' అనే ఒక్క ఆటపై అభ్యంతరంతో వేలాది ఆటలుండే స్టీమ్ దుకాణం మొత్తాన్ని కొంతసేపు మూసివేశారు.

అమ్మేవాడిని వదిలి వాడేవాడిని కట్టడి చేయడమనే సమస్య ఈ నేలకు కొత్తది కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కూలీలూ తమిళ కూలీలూ పనిచేసిన మలయా తోటలలో కల్లు దుకాణాలు ప్రభుత్వ లైసెన్సుతోనే నడిచేవి. 1947లో కెడా రాష్ట్రంలో 'తొండర్ పడై' అనే కార్యకర్తల దళం ఆ దుకాణాల ముందు నిలబడితే, పోలీసులు బలప్రయోగంతో అణచివేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కూడా తమ భర్తలు ఎన్ని గంటలకు తాగాలో నిర్ణయించమని అడగలేదు. సారా దుకాణం మూయమన్నారు. ఆ ఉద్యమం ఒత్తిడితో 1993లో సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లోనే సడలిపోయింది.

ఆటల విషయంలో దుకాణమంటే ఏమిటి? లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి కొనే 'లూట్ బాక్సు'లు, ఒక్కరోజు రాకపోతే పోగుచేసినది పోతుందనే బెదిరింపు, అర్ధరాత్రి మోగే పిలుపులు. బెల్జియం 2018లో లూట్ బాక్సులను జూదంగా పరిగణించింది. తరువాతి పరిశీలనలో అక్కడి ప్రముఖ మొబైల్ ఆటలలో అధికభాగం వాటిని అమ్ముతూనే ఉన్నట్లు తేలింది. అమ్మేవారిని కట్టడి చేయడం సులభమని కాదు. కాని అక్కడ చట్టం విఫలమైనా ఏ పౌరుడి ముఖమూ నమోదు కాదు. కాలపరిమితి విఫలమైతే పిల్లలు తప్పించుకుంటారు, పెద్దల వివరాలు మాత్రం మిగిలిపోతాయి.

మలేసియా చట్టంలో పిల్లల రక్షణ బాధ్యతను సేవాసంస్థలపై ఉంచడం సరైన దిశ. ఆ బాధ్యత ఆటల సంస్థలకూ స్పష్టంగా వర్తించాలి. వయసు నిర్ధారించిన పత్రాల నకళ్లు ఎక్కడా మిగలకూడదు. ఇక ఏ గంటకు దీపం ఆర్పాలన్నది ఆ ఇంటి మాట. అది నిలవక, పిల్లవాడు బడికి, భోజనానికి, మనుషులకు దూరమవుతుంటే, ఆ కుటుంబం వెళ్లవలసినది ఫిర్యాదుల విభాగానికి కాదు, మానసిక వైద్యుని వద్దకు. అటువంటి వైద్యుడు ప్రతి జిల్లాలోనూ సిగ్గుపడకుండా కలవగలిగేంత దగ్గరలో ఉన్నాడా అన్నది, గంటలు లెక్కించడానికి సిద్ధపడే ఏ ప్రభుత్వమైనా ముందుగా చెప్పవలసిన జవాబు.