కాంపోజిషన్ నోటుబుక్కును సాహిత్యంగా చదవొచ్చా?

స్త్రీల రచనల్ని వెతికే పనిలో మనం చాలా చోట్లకి వెళ్లాం. ఆత్మకథలు, ఉత్తరాలు, పాత పత్రికల్లో ఒకటి రెండు కథలు రాసి ఆగిపోయిన వాళ్లు, పాటలు, మౌఖిక చరిత్రలు అన్నీ తిరగేశాం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు వాళ్ల నోటి నుంచి వచ్చినట్టే అచ్చులోకి రావచ్చని తెలిసింది. అయితే మన వెతుకులాటకి అందకుండా పోతున్న ఒక రచన ఉంది. డిగ్రీ తరగతుల్లో ఆడపిల్లలు రాసే కాంపోజిషన్. పరీక్ష అయిపోగానే ఆ నోటుబుక్కు కాటాకు పోతుంది. అందులో ఒక రచయిత తయారవుతోందా లేదా అని చూసే వాళ్లుండరు. ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది అదే. శంషాబాద్ ప్రాంతంలోని ఒక కాలేజీలో రెండో భాషగా తెలుగు చదివిన ఒక అమ్మాయి రాసిన నాలుగు కాంపోజిషన్లను రచనలుగా చదవడం. ఆమె ఒప్పుకుంది. పేరు మాత్రం వద్దంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. కాంపోజిషన్ అనేది తెలుగులో చిన్న విషయం కాదు. ఆధునిక తెలుగు వచనం గురించి జరిగిన పెద్ద తగాదా కాంపోజిషన్ గురించే. 1910ల తొలి సంవత్సరాల్లో మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షల్లో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్నది సమస్య అయింది. గ్రాంథికంలోనే రాయాలని జయంతి రామయ్య పంతులు వంటి వాళ్లు పట్టుబట్టారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వాడుకభాష పక్షాన నిలబడ్డారు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఒక విద్యార్థి తన వ్యాసాన్ని ఏ భాషలో రాస్తే మార్కులొస్తాయన్న ప్రశ్న నుంచి మన వచన చరిత్ర సగం పుట్టింది.

ఆ వాదంలో మనకు గుర్తున్న పేర్లన్నీ మగవాళ్లవి. అప్పటికే స్త్రీలు రాస్తున్నారు. బడికి పోకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు ఆసరాతో అక్షరాలు పట్టుకున్న భండారు అచ్చమాంబ 1902 నాటికే ‘ధనత్రయోదశి’ కథ రాసింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అయినా తొలి కథ ఏదన్న చర్చలో అచ్చమాంబ పేరు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మనకు తెలుసు. పరీక్షహాలు బయట రాసిన ఆడవాళ్లని ఆ తగాదా లెక్కలోకి తీసుకోలేదు. రెండో సంగతి, వాడుకభాష గెలిచాక ఎవరి వాడుక గెలిచింది? కోస్తా జిల్లాల్లో చదువుకున్న కుటుంబాల వాడుక. తెలంగాణ ఆడపిల్లకి అది మరో గ్రాంథికమే అయింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న ఈ రోజుల్లో కూడా, జవాబు పత్రంలో ‘పోతది’ అని రాస్తే దిద్దే చెయ్యి ఆగదు.

ఇక చోటు సంగతి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం. మరుసటి ఏడాది మెహదీపట్నం వైపు నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు. ఊట్‌పల్లి, సాతంరాయి, పాల్మాకుల, కాచారం, పెద్దషాపూర్ వంటి ఊళ్ల నుంచి వచ్చే మా విద్యార్థినుల ఇళ్లలో దాదాపు ప్రతి ఇంటికీ ఆ విమానాశ్రయంతో ఏదో ఒక లెక్క ఉంటుంది. ఒకరి పొలం పోయింది. ఒకరి అన్న లోడింగ్‌లో ఉన్నాడు. ఒకరి తల్లి అక్కడ నేల తుడుస్తుంది. విమానం ఎక్కిన వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మొదటి కాంపోజిషన్ ‘మా ఊరు’. మొదటి సెమిస్టర్. రెండున్నర పేజీలు, అన్నీ గైడు వాక్యాలే. “మా గ్రామము పచ్చని పంటపొలాలతో, గలగల పారు సెలయేళ్లతో కళకళలాడుచుండును.” ఆ అమ్మాయి ఊళ్లో సెలయేరు లేదు. ఈ భాషని వెక్కిరించడం తేలిక. కానీ పన్నెండేళ్ల చదువు ఆమెకి నేర్పింది ఇదే. నువ్వు చూసింది రాయకు, రాయదగింది రాయి అని. అందులో ‘నేను’ లేదు. ఊళ్లో ఒక్క మనిషి లేడు. కాని చివరి నుంచి మూడో వాక్యం చూడండి. “ఇప్పుడు మా చేను మీద విమానములు దిగును.” అన్ని అరువు మాటల మధ్య ఈ ఒక్కటే ఆమెది. ‘విమానములు’, ‘దిగును’ అన్న పుస్తకాల భాషలోనే, తమ కుటుంబం పోగొట్టుకున్న జొన్నచేను బయటపడింది. ‘మా’ అన్న మాటకి పట్టా మారినా అర్థం మారలేదు. నేను ఆ వాక్యం కింద గీత గీసి, “దీని గురించి ఒక పేజీ రాయి” అని రాశాను.

రెండో కాంపోజిషన్‌కి తరగతి మొత్తానికీ ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఒక ఆడమనిషి దగ్గర గంట సేపు కూర్చుని ఆమె పని గురించి అడగండి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి అని. మౌఖిక చరిత్ర నుంచి నేర్చుకున్న పద్ధతి ఇది. ఈ అమ్మాయి వాళ్లమ్మ దగ్గర కూర్చుంది. “మూడున్నరకు లేస్త. చీకట్లనే బస్సొస్తది. బస్సు తప్పితె ఆ దినం కూలి పోయినట్టే.” ఇంకోచోట, “విమానం లోపట ఎట్లుంటదో నాకెర్క లేదు బిడ్డా. దిగెటోళ్ల చెప్పులు మాత్రం ఎర్క.”

ఇది గొప్ప మాట. అయితే ఇది తల్లి మాట. కూతురు రాసిన వాక్యాలు దాని చుట్టూ కంచెలా ఉన్నాయి. “అని మా అమ్మ తన బాధను వ్యక్తపరచినది” అని ఒకచోట, “ఈ విధముగా శ్రామిక మహిళలు ఎన్నో ఇబ్బందులు ఎదుర్కొనుచున్నారు” అని మరోచోట. నిజానికి తల్లి మాటల్లో బాధ ఒక్కటే లేదు. హాస్యం ఉంది, లోకం తెలిసిన ఠీవి ఉంది. కూతురి భాష దాన్ని బాధగా మార్చేసింది. కొటేషన్ గుర్తుల లోపల తెలంగాణ, బయట పాఠ్యపుస్తకం. మన కథల్లో చాలా కాలం జరిగింది కూడా ఇదే. పనిమనిషి మాండలికంలో మాట్లాడుతుంది, రచయిత్రి ప్రమాణభాషలో జాలిపడుతుంది. ఒక ఫస్టియర్ విద్యార్థిని మన సాహిత్య మర్యాదనంతా తెలియకుండానే ఒంటబట్టించుకుందన్న మాట.

మూడోది 2019 డిసెంబర్‌లో రాసింది. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ గేటు వద్ద మొదలైన ఆ ఘోరం దేశమంతా తెలిసిందే. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ వారాల్లో ‘మహిళల భద్రత’ మీద వ్యాసం రాయించని కాలేజీ లేదేమో. చాలా మంది ఒకే వ్యాసం రాశారు. ఒంటరిగా వెళ్లకూడదు, ఫోన్ దగ్గర ఉంచుకోవాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అంటే భద్రత అనేది ఆడపిల్లలు పాటించాల్సిన జాగ్రత్తల జాబితా.

ఈ అమ్మాయిని ఆ నెలలో ఇంట్లో చదువు మానమన్నారు. ఆమె కాంపోజిషన్ అక్కడి నుంచి మొదలైంది. “మా అమ్మ పదకొండేండ్ల సంది చీకట్ల పోతున్నది. అప్పుడు రాని భయం నేను పట్టపగలు కాలేజికి పోతాంటె ఎట్లొచ్చింది?” జీతం తెచ్చే ఆడమనిషి చీకటి ఎవరికీ భయం కాదు. చదువుకునే ఆడపిల్ల పగలు భయం. ఈ తేడాని ఆమె ఏ సిద్ధాంత పుస్తకం నుంచీ తెచ్చుకోలేదు. తల్లి చెప్పింది రాసుకుంది కాబట్టి, ఆ మాటల్ని తండ్రి మాటల పక్కన పెట్టి చూడగలిగింది. రెండో కాంపోజిషన్ లేకపోతే మూడోది లేదు. ఎన్‌కౌంటర్ గురించి ఆమె ఒక్క పేరా రాసింది. అందరూ సంబరపడుతుంటే తనకి నిద్ర పట్టలేదనీ, అడగాల్సిన ప్రశ్నలన్నీ వాళ్లతోనే పోయాయనీ. ఆ కాల్పుల గురించి పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదనీ, చంపాలనే కాల్చారనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఆమె పేరా అంతకు రెండేళ్ల ముందుది. ఆ రచనని ఆమె ఇంట్లో చదివి వినిపించింది. తల్లి ఆమె పక్షాన నిలబడింది. చదువు ఆగలేదు.

ఇక్కడ తప్పుల గురించి మాట్లాడాలి. మూడో కాంపోజిషన్‌లో మొదటిదాని కంటే ‘తప్పులు’ ఎక్కువున్నాయి. అమెరికాలో మినా షాఘ్‌నెస్సీ 1977లో ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’ అనే పుస్తకం రాసింది. న్యూయార్క్ సిటీ కాలేజీ 1970లో తలుపులు తెరిచాక వచ్చిన పేద విద్యార్థుల వ్యాసాలను వేల సంఖ్యలో చదివి, తప్పులకి కూడా ఒక తర్కం ఉంటుందని చూపించింది. మన నోటుబుక్కుల్ని అలా చదివితే మూడు రకాలు కనిపిస్తాయి. ఒత్తులు, శ-ష-స, ల-ళ వంటి రాత తప్పులు. వాక్యం మొదలుపెట్టిన తీరుకీ ముగించిన తీరుకీ పొంతన కుదరకపోవడం. మూడోది ‘సంది’, ‘చీకట్ల’, ‘పోతాంటె’ వంటివి, అంటే అసలు తప్పులే కానివి. మొదటి రకం అభ్యాసంతో పోతుంది. రెండోది పెరుగుతున్న ఆలోచన గుర్తు. చిన్న వాక్యాల్లో పట్టని సంగతి చెప్పబోయినప్పుడే వాక్యం తడబడుతుంది. గైడు వాక్యం ఎప్పుడూ తడబడదు. పరీక్షలో మాత్రం మూడింటికీ ఒకే ఎర్రసిరా.

నాలుగోది 2020 వేసవిలో ఫోన్‌లో టైపు చేసి పంపింది. నేనడిగింది కాదు. మార్చి 25 నుంచి మే 25 వరకు మామూలు దేశీయ విమానాలు ఎగరలేదు. తల్లికి పని లేదు. “ఆకాశంల సప్పుడు లేదు. ఇంట్ల కూడ లేదు. సప్పుడు బందయితె మంచిగుంటదని ఎన్నోసార్లు అనుకున్నం. ఆ సప్పుడు మా అమ్మ జీతమని తెల్వలె.” ఇక్కడ కొటేషన్ గుర్తులు పోయాయి. తల్లి భాషా కూతురి భాషా ఒకటే అయ్యాయి. అవసరమైన చోట ‘లాక్‌డౌన్’, ‘కాంట్రాక్టు’ పక్కనే ‘పరిహారం’ అన్న పుస్తకాల మాట కూడా ఇబ్బంది లేకుండా కూర్చుంది. చేను పోయినప్పటి పరిహారం, పని పోయినప్పుడు లేని పరిహారం, రెంటినీ ఒకే పేరాలో పెట్టింది. మొదటి సెమిస్టర్‌లో గీత గీసిన వాక్యానికి ఇది జవాబు.

లోపాలు లేవని కాదు. ముగింపులో ఇంకా నీతివాక్యం వెతుక్కుంటుంది. అంతకంటే ముఖ్యంగా, నాలుగింటిలోనూ ‘మా వాళ్లు’ అంటుంది తప్ప కులం పేరెత్తదు. ఎవరి పొలాలు ముందు పోయాయి, తుడిచే పనికి ఎవరు తీసుకోబడ్డారు అన్న ప్రశ్న గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ తరగతి గదుల్లోకి వస్తే ఇలాంటి అమ్మాయిలకి ఆ గుమ్మం దాటే మాట దొరుకుతుంది.

మాండలికం అంటూ పిల్లల్ని ముంచుతున్నారు, రేపు గ్రూప్స్ పరీక్షలో ఏం రాస్తారు అని తోటి అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నల్లజాతి రచయిత్రి జూన్ జోర్డాన్ 1985లో రాసిన ఒక వ్యాసం గుర్తొస్తుంది. ఆమె విద్యార్థి సోదరుణ్ణి పోలీసులు చంపారు. నిరసన ఏ ఇంగ్లీషులో రాయాలని తరగతి తర్జనభర్జన పడి, పత్రికలు వేసుకోవని తెలిసి కూడా తమ బ్లాక్ ఇంగ్లీషులోనే రాసింది. మా అమ్మాయి ఇంకోలా చేసింది. తల్లితో పనిచేసే ఆడవాళ్లు పి.ఎఫ్. కోత లెక్క చెప్పమని కాంట్రాక్టరుకి అర్జీ రాయించుకోవాలనుకున్నప్పుడు అది రాసింది ఆమే. ముప్పావు పేజీ. తేదీలు, నెలలు, మొత్తాలు. పూర్తిగా ప్రమాణభాష. ఒక్క అలంకారం లేదు. “ఈడ మన భాష రాస్తె వాళ్లకు నవ్వెటందుకు సందు దొరుకుతది మేడం” అంది. రెండు నిర్ణయాలూ సరైనవే. భాషని ఎవరి కోసం, ఎందుకు వాడుతున్నదీ తెలిసి ఎంచుకోవడమే ఎదుగుదల. ప్రమాణభాష ఒక్కటే వచ్చిన పిల్లకి ఆ ఎంపిక లేదు.

తెలుగు పేపర్లో ఆమెకి వచ్చినవి మామూలు మార్కులే. అచ్చులో ఇంకా ఏదీ రాలేదు. అయినా నేను ఆమెని రచయిత్రి అనే అంటాను. సొంత వాక్యం ఏదో, అరువు వాక్యం ఏదో ఆమెకి తెలుసు.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి తెలుగు శాఖలో ఒక బీరువా, అందులో విద్యార్థినుల అనుమతితో దాచిన కొన్ని నోటుబుక్కులు. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఇచ్చిన అంశం ఏమిటన్న మూడు వివరాలు చాలు. మౌఖిక చరిత్రకి టేపు రికార్డరు పట్టుకుని ఊళ్లకు వెళ్లాం. ఈ చరిత్ర ప్రతి శనివారం మన బల్ల మీదికే వస్తోంది. దిద్దేముందు చదవాలి.